యూరు చొరకుమా, సొరకుమా?

ఇల్లినాయి వాసి:
నిన్న అమ్మానాన్నలను మెనార్డ్ కౌంటీలోని న్యూ సేలంకు తీసుకెళ్లాను. లింకన్ 1831 నుంచి 1837 దాకా ఉన్న ఊరు. సంగమాన్ ఏటి ఒడ్డున పిండిమర దగ్గర నిలబడి నాన్న సుమతీ శతకంలోని "అప్పిచ్చువాడు వైద్యుడు" పద్యం అందుకుని నాలుగో పాదంలో తడబడ్డారు. ఆయన "యూరు సొరకుము" అంటే, అమ్మ "చొరకుము" అంది. ఇల్లు చేరేదాకా కారులో అదే గొడవ. ఏది సరి?

ఇంకో సందేహం. పద్యంలో అడిగినవన్నీ ఆ ఊళ్లో ఉన్నాయి. వైద్యుడు జాన్ అలెన్, చదువు చెప్పే మెంటర్ గ్రాహం, గుమ్మంలో ఏరు. అప్పుకైతే లోటే లేదు: బెర్రీతో కలిసి పెట్టిన కొట్టు మునిగి నెత్తిన పడ్డ బాకీని లింకన్ "జాతీయ రుణం" అనేవాడట. అయినా 1840 నాటికి ఊరు ఖాళీ!

కందప్రియ:
ఊరి సంగతి తర్వాత. నాన్నగారిదే సరి. ఇక్కడ "ఊరు" రూపానికి ప్రథమ, అర్థానికి ద్వితీయ. ప్రథమ మీది పరుషాలకు (క, చ, ట, త, ప) వరసగా గసడదవలు వస్తాయి. చ పోయి స వచ్చింది. ఇందులో చర్చించడానికేముంది?

తెనాలి తాత:
సూత్రంలో "బహుళంబుగా", అంటే ఒకచోట వస్తాయి, ఒకచోట రావు అన్న మాట మింగేశారేం? అమ్మగారిదీ తప్పు కాదు. మా బడిలోనైతే "యూరుఁ జొరకుము" అని అరసున్న పెట్టి మరీ రాయించారు.

కందప్రియ:
తాతగారూ, ద్వితీయలో అది "ఊరిన్" అవుతుంది గాని "ఊరున్" ఎలా అవుతుంది? ఆ అరసున్న ఎక్కడినుంచి ఊడిపడింది?

తెనాలి తాత:
మా మాస్టారి బెత్తం నుంచి. పోనీ యతిని అడుగుదామంటే చొ, సొ, జొ మూడూ చెల్లుతాయి. అది ఎవరి పక్షమూ రాదు.

పాతకాపు:
మీరిద్దరూ నాలుగో పాదం దగ్గరే కాపురం పెట్టారు. గుట్టు రెండో పాదంలో, "ఎడతెగక"లో ఉంది. 1831 ఏప్రిల్‌లో లింకన్ సరుకు పడవ ఆ పిండిమర ఆనకట్ట మీదే ఇరుక్కుంది. ముందుభాగాన బెజ్జం వేసి లోపల చేరిన నీటిని బయటికి వదిలాక గాని కదలలేదు. 1832 వసంతంలో టాలిస్మన్ అనే స్టీమరు వచ్చింది. నీరు తీయడంతో వెనక్కి మళ్లింది. అది దాటేందుకు ఆనకట్టలో కొంత కూల్చాల్సి వచ్చింది కూడా. ఏరు తెగలేదు, లోతు చాలలేదు. సుమతీ శతకకారుడు పారే ఏరు అడిగాడు గాని స్టీమరు నడిచే ఏరు అడగలేదు.

కందప్రియ:
అయితే దోషం "ఎడతెగక"ది కాదు, "చొప్పడిన"ది. చొప్పడడమంటే ఉండడం కాదు, పొసగడం. న్యూ సేలంలో నాలుగూ ఉన్నాయి, పొసగలేదు.

తెనాలి తాత:
ఆ మాటకు "కలుగు" అనే అర్థమూ ఉంది. మీ సిద్ధాంతం కోసం దాన్ని దాచేయకండి. అసలు ఊరిని నీళ్లతో తూచాలంటే శ్రీనాథుడే తూచాలి. "నాగులేటి నీళ్లు నాపరాళ్లు"... రెండే మాటల్లో పల్నాడు గొంతులో గరగరలాడుతుంది. ఆయన్ని సంగమాన్ ఒడ్డున ఒక్క వేసవి ఉంచితే దోమల మీద ఇంకో సీసం దక్కేది.

పాతకాపు:
నాగులేటిది ఆటవెలది, సీసం కాదు. పైగా ఆ చాటువు ఆయనదేనంటారా?

తెనాలి తాత:
అంత కోపం ఇంకెవరికి ఉంటుంది నాయనా?

ఇల్లినాయి వాసి:
ఇదంతా నాన్నకు చదివి వినిపించాను. న్యూ సేలంకు రెండు మైళ్ల దూరంలో ఉన్న పీటర్స్‌బర్గ్‌కు 1836లో కొలతలు వేసింది లింకనే. 1839లో మెనార్డ్ కౌంటీ ఏర్పడితే కౌంటీ కచేరీ పీటర్స్‌బర్గ్‌కు పోయింది. జనం ఇళ్లతో సహా తరలారు. ఆన్‌స్టాట్ పీపాల కొట్టును 1840లో అక్కడికి మోసుకెళ్లి, 1922లో మళ్లీ వెనక్కి తెచ్చారు. ఇప్పుడున్న కట్టడాల్లో నాటిది అదొక్కటే. "పద్యంలో కచేరీ లేదుగా" అన్నారు నాన్న.

కందప్రియ:
అది సరేనండీ. ఆయన చిన్నప్పటి పుస్తకంలో "యూరు" పక్కన అరసున్న ఉండేదా లేదా, అది అడిగి చెప్పండి.