ధాన్యం సొమ్ము వచ్చింది: ముందు తీర్చాల్సింది బంగారం అప్పా, ఊరి నోటా?

చీపురుపల్లి లెక్క:
సంక్రాంతి ముందు మన పల్లెల్లో ఏటా వచ్చే తగువే ఇది. ఒక లెక్క వేసుకుందాం. 60 క్వింటాళ్ల ధాన్యం 2025-26 మద్దతు ధర రూ.2,369 చొప్పున అమ్మితే రూ.1,42,140. అప్పులు మూడు. ఊళ్లో ప్రోనోటు రూ.80,000, నూటికి మూడు. బ్యాంకులో బంగారం మీద రూ.1,20,000, 9 శాతం. పంట రుణం రూ.లక్ష. మాఘమాసం పెళ్లిళ్లకి బోసి మెడతో ఎలా వెళ్తామని చాలా ఇళ్లలో ముందు బంగారం విడిపిస్తారు. అది తప్పని నా వాదన. రూ.1,20,000 బంగారం అప్పుకి ఏడాది వడ్డీ రూ.10,800. అంతకన్నా చిన్నదైన నోటుకి రూ.28,800! మూడు రూపాయలే కదా అనుకుంటాం గాని, అది నెలకి. ఏడాదికి 36 శాతం.

రాజాం రైతు మిత్ర:
నోటు ప్రమాదమే, ఒప్పుకుంటాను. కానీ ముందు కట్టాల్సింది పంట రుణం. 7 శాతం వడ్డీలో గడువులోగా కట్టినవాళ్లకి 3 శాతం రాయితీ వస్తుంది, అంటే 4 శాతమే పడుతుంది. గడువు దాటితే ఆ రాయితీ పోతుంది. ఖాతా మొండిబాకీ అయిందంటే రేపు బ్యాంకులో అప్పు పుట్టదు, అప్పుడు మళ్లీ ఆ నూటికి మూడే గతి. ఇప్పుడే కట్టి, రెన్యువల్ చేయించి, తిరిగి తీసిన లక్షతో నోటు తీర్చేయొచ్చు.

చీపురుపల్లి లెక్క:
మిత్ర గారూ, జూన్‌లో తీసుకున్న పంట రుణానికి గడువు వచ్చే జూన్ దాకా ఉంటే జనవరిలో కట్టే తొందరేమిటి? ఆ ఆరు నెలల్లో లక్ష మీద 4 శాతం చొప్పున పడేది రూ.2,000. నోటు మీద అదే ఆరు నెలలకి రూ.14,400. ఇప్పుడు నోటు తీర్చేస్తే చేతిలో రూ.62,140 మిగులుతుంది. జూన్‌కి అసలు, వడ్డీ కలిపి రూ.1,04,000 కావాలి, అంటే దాదాపు రూ.42,000 తక్కువ. వరి కోశాక వేసిన మినుము, పెసర కొంత ఆదుకుంటాయి. మిగతాది బంగారం మీద తెచ్చినా, మొత్తం రూ.42,000కి ఏడాది వడ్డీ రూ.3,780.

టెక్కలి కౌలుదారు:
ఇద్దరి లెక్కా పట్టాదారుకే సరిపోయేలా ఉంది. కౌలు కార్డు లేనివాడికి పంట రుణం ఎక్కడిది? అతనికి నోటు ఒక్కటే దారి.

మిత్ర గారి సలహాలో ఇంకో గొయ్యి ఉంది. రెన్యువల్ కోసం లక్ష కట్టడానికి చాలామంది రెండు రోజులకని చేబదులు తెస్తారు. బ్యాంకు కొత్త 1బీ, అడంగల్ (భూమి, సాగు వివరాల రికార్డులు) అడిగిందనుకోండి, లేదా మన అప్పుల చరిత్ర చూపే సిబిల్‌లో పాత బాకీ కనబడిందనుకోండి, కట్టిన లక్ష తిరిగి చేతికి రాదు. చేబదులు ఇచ్చినవాడు మాత్రం గుమ్మంలోనే ఉంటాడు. ఏ కాగితాలు కావాలో, మంజూరు అవుతుందో లేదో కనుక్కున్నాకే కట్టాలి. పైగా ఇప్పుడు తిరిగి తీసిన పంట రుణం సొమ్ము నోటుకి పోతే జూన్‌లో నారుమడికి, ఎరువుకి ఏం పెడతారు?

రాజాం రైతు మిత్ర:
చేబదులు సంగతి నిజం, ఆ మాట ముందే చెప్పాల్సింది. గడువుకి నెల రోజుల ముందు బ్యాంకుకి వెళ్లి కట్టాల్సిన మొత్తం కాగితం మీద రాయించుకోండి. బంగారం విషయంలో మాత్రం చీపురుపల్లి వారితో ఏకీభవించను. ఉన్నదంతా తాకట్టులో పెడితే, ఆసుపత్రి ఖర్చు వచ్చిన రోజు మళ్లీ నోటే రాయాలి. అన్ని నగలూ ఒకే ఖాతాలో పెట్టకుండా గొలుసు ఒక దానిలో, గాజులు ఇంకో దానిలో పెడితే ఒక్కోటి విడిగా విడిపించుకోవచ్చు. అసలు వాడని నగ ఒకటి అమ్మి నోటు మూసేయడం చాలా ఇళ్లకి మేలు. తాతల నాటిదని దాచిన నగకే నెలనెలా వడ్డీ కడుతుంటారు, బాధేస్తుంది.

సోంపేట పద్దులు:
ఏ అప్పు ముందన్నది సరే, తీర్చే పద్ధతిలోనే ఎక్కువ మంది మోసపోతున్నారు. నోటు మీద కొంత కట్టినప్పుడల్లా వెనక తేదీ, మొత్తం అక్షరాల్లో వేసి చెల్లు రాయించాలి, దాని ఫొటో తీసుకోవాలి. చేతికివ్వకుండా ఖాతాకి పంపితే ఇంకా మంచిది. పూర్తిగా తీరాక నోటు వెనక్కి తీసుకోకుండా ఇంటికి రావద్దు. మొత్తం రాయని ఖాళీ నోటు మీద సంతకం ఎప్పుడూ వద్దు. బ్యాంకు అప్పు తీరాక భూమి కాగితాలు 30 రోజుల్లో ఇవ్వాలి. ఆలస్యం బ్యాంకుదైతే రోజుకి రూ.5,000 పరిహారం, 2023 డిసెంబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నియమం ఇది.

మళ్లీ అప్పులో పడకుండా ఉండాలంటే, కళ్లంలోనే వచ్చే ఏడాది దుక్కి, నాట్లు, ఎరువుల సొమ్ము పక్కకి తీయాలి. ఆ తర్వాతే బట్టలూ, పండగా. పంట రుణం పరిమితి పెంచమని అడగండి, రూ.2 లక్షల దాకా తాకట్టు అడగకూడదని 2025 జనవరి నుంచి నియమం. ఎవరికీ హామీ సంతకం పెట్టొద్దు. అసలు బాకీదారుని వదిలేసి నేరుగా హామీదారు మీదకి రావడానికి చట్టం ఒప్పుకుంటుంది.

టెక్కలి కౌలుదారు:
హామీ గురించి ఒక్క మాట. మన ఊళ్లలో సొంత బావమరిది అడిగితే కాదనడం ఎవరివల్లా కాదు. సంతకానికి బదులు, ఇవ్వగలిగినంత డబ్బు తిరిగి రాదనుకుని చేతిలో పెట్టండి. అతను కట్టకపోతే పోయేది అంతవరకే.