“మూడు రెట్లు ఎక్కువ” అంటే ఎంత?

మా మేనకోడలు అయిదో తరగతి. నిన్న రాత్రి హోంవర్కు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. లెక్క ఇది: “రవి దగ్గర 12 గోళీలు ఉన్నాయి. గోపి దగ్గర రవి కంటే మూడు రెట్లు ఎక్కువ గోళీలు ఉన్నాయి. గోపి దగ్గర ఎన్ని గోళీలు ఉన్నాయి?” పాప 48 అని రాసింది. దాని మీద ఎర్ర ఇంకుతో ఇంటూ కొట్టి పక్కన 36 అని వేశారు. “మామయ్యా, ఎక్కువ అన్నారు కదా, రవికి ఉన్నన్ని పన్నెండు, వాటి పైన ముప్పై ఆరు అనేగా?” అని అడిగింది. అది తప్పని చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే పుస్తకంలో ఉన్న వాక్యాన్ని బట్టి చూస్తే పాప చేసింది సరైన పనే.

రెట్టింపు అంటే మనలో ఎవరికీ అనుమానం లేదు. పన్నెండుకు రెట్టింపు ఇరవై నాలుగు. రెండు రెట్లన్నా అంతే, మూడు రెట్లు అంటే ముప్పై ఆరు. ఇక్కడిదాకా గొడవ లేదు. పక్కన “ఎక్కువ” వచ్చి కూర్చున్నప్పుడే వస్తుంది చిక్కు. ఒకసారి చిన్న అంకెతో చూడండి: “ఒక రెట్టు ఎక్కువ” అంటే ఎంత? పన్నెండే అనడానికి లేదు, ఎక్కువ అన్నాక పన్నెండు దాటాలి కదా. కాబట్టి ఇరవై నాలుగు. ఒక రెట్టు ఎక్కువ ఇరవై నాలుగైతే రెండు రెట్లు ఎక్కువ ముప్పై ఆరు, మూడు రెట్లు ఎక్కువ నలభై ఎనిమిది కావాలి. శాతాల్లో మనం చేసేదీ ఇదే, ధర 100 శాతం పెరిగింది అంటే రెట్టింపైందని అర్థం, 300 శాతం పెరిగితే నాలుగు రెట్లు అయినట్టు. మరి పాప చేసింది ఇదేగా.

అలాగని 36 వేసినవాళ్లని తప్పు పట్టలేను. మాట్లాడేటప్పుడు మనమే “పోయినేటి కంటే మూడు రెట్లు ఎక్కువ కాసింది మామిడి” అంటాం, అక్కడ ఎవరూ కూర్చుని నాలుగు రెట్లని లెక్కగట్టరు, చాలా కాసిందనే చెప్పడం. మామిడి తోటలో ఆ వదులు చెల్లుతుంది. పదేళ్ల పిల్లకి మార్కు పోయే చోట చెల్లదు.

“మూడు రెట్లు తక్కువ” ఇంకా ఘోరం. పన్నెండులోంచి ముప్పై ఆరు తీసేయాలా, పన్నెండుని మూడుతో భాగించాలా? నాలుగు కావాలంటే “మూడో వంతు” అనే నిక్కమైన మాట ఉండగా ఈ తిప్పలు ఎందుకు?

గ్రూపులో అడిగేది ఒకటే. జవాబు 36 అని ఎక్కడ అచ్చయిందో నాకొద్దు, మీరు తెలుగు వాక్యంగా దీన్ని ఎలా చదువుతారో చెప్పండి.

జవాబు (ప్రాథమిక పాఠశాల టీచరు, కృష్ణా జిల్లా)

బాబూ, దిద్దిన ఆవిడ మీద కోపం పెట్టుకోకండి. నలభై పుస్తకాలు ముందేసుకుని, చేతిలో ఉన్న జవాబుల కాగితం చూసి దిద్దుతాం. “రెట్లు” కనిపిస్తే గుణించమని మేమే నేర్పుతాం, అలా చూస్తే 36. కానీ ఆ వాక్యం నాకూ నచ్చలేదు, నేనైతే 48కి కూడా మార్కు ఇచ్చేదాన్ని.

నన్ను ఇంకా బాధపెట్టేది వేరే ఉంది. పోయిన వారం మాకొచ్చిన ఒక వర్క్‌షీట్‌లో ఇలా ఉంది: “అమ్మ ముగ్గురు పిల్లలకు 6 జామకాయలు ఇచ్చింది. మొత్తం ఎన్ని జామకాయలు ఇచ్చింది?” సగం మంది 6 అని రాశారు, సగం మంది 18 అని రాశారు. పక్కనే ఉన్న ఇంగ్లీషు వాక్యం చూస్తే అందులో ‘ఈచ్’ ఉంది, తెలుగులోకి రాలేదు. మన ఇళ్లలో ఏ అమ్మైనా ఆ మాట వదిలేస్తుందా? “తలా ఆరు తీసుకోండి” అంటుంది, “ఆరేసి” అంటుంది, ఇద్దరే అయితే “చెరో ఆరు” అంటుంది. మూడు మాటలున్నాయి. ఒక్కటి వేసి ఉంటే క్లాసులో ఒక్క పిల్లా తడబడేది కాదు. నేను బోర్డు మీద “తలా” అని చేర్చి మళ్లీ చేయించాను, అందరూ 18 వేశారు.

జవాబు (కరీంనగర్)

అన్నా, మా ఇంట్లో రెట్లు అనే మాట తక్కువ, మా నాయిన ఎప్పుడూ ఇంతలు అనే అంటాడు. పెట్టుబడికి రెండింతలు వచ్చింది, మూడింతలు వచ్చింది అని. “ఇంత” అంటే చూపించి చెప్పే కొలత. ఇదిగో ఇంత, ఇట్లాంటివి మూడు. పన్నెండు గోళీలు ముందు పోసి, ఇట్లాంటి కుప్పలు మూడు అంటే 36 తప్ప ఇంకోటి రాదు. “అంతకు మూడింతలు” అని రాస్తే మీ పాపకు ఈ టెన్షన్ ఉండేది కాదు.

మీరు వంతు అన్నారు కాబట్టి ఇంకో మాట. “మూడో వంతు పని అయింది” అంటే మూడింట ఒకటి. “మూడొంతుల పని అయింది” అంటే మాత్రం మా దగ్గర ముప్పాతిక అయినట్టు, నాలుగింట మూడు. ఒక్క అక్షరం తేడాలో పనంతా తారుమారు. పేపర్లో “మూడింట రెండు వంతుల మెజారిటీ” అని రాస్తారు చూడండి, అట్ల “ఇన్నింట ఇన్ని” అని రెండు అంకెలూ చెప్తే అనుమానం ఉండదు. పిల్లల లెక్కల్లో కూడా అట్లనే రాయాలి.

జవాబు (బెంగళూరు)

మా అబ్బాయికి ఎక్కాలు తెలుగులో నేర్పుతున్నాను, ఇంగ్లీషు మీడియం. “రెండు ఏళ్లు పద్నాలుగు” దగ్గర ఆగిపోయి రెండు సంవత్సరాలు పద్నాలుగు ఎలా అవుతాయి అన్నాడు. రెండు ఏడులు అని విప్పి చెప్పాక అర్థమైంది. అప్పుడే నాకూ ఒకటి తట్టింది, మన ఎక్కం చెప్పేది 7+7 అని, రెండుని ఏడుసార్లు కలపమని కాదు. 2×7ని కూడికగా రాయమంటే వాడు ఎక్కంలో విన్నట్టే 7+7 రాశాడు, రెండుని ఏడుసార్లు రాయాలని కొట్టేశారు. జవాబు రెండు విధాలా పద్నాలుగే కదండీ!

అడిగినవాణ్ణి మళ్లీ నేనే

టీచరు గారూ, మీరు రాసింది చదివాక కోపం తగ్గింది. తలా, ఏసి, చెరో గురించి నాకు తట్టనే లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం, “ఏసి” కూడా అన్ని చోట్లా నిక్కచ్చి కాదు. “నలుగురు కూలీలు రెండేసి బస్తాలు మోశారు” అంటే ఒక్కొక్కరూ మొత్తం రెండే మోశారా, విడతకు రెండు చొప్పున లోడు అయిపోయేదాకా మోశారా? లెక్కలో ఇది వస్తే “ఒక్కొక్కరు మొత్తం రెండు” అని విప్పి రాయాల్సిందే.

ఇంకొకటి. “ఒక సంఖ్య, అయిదుల మొత్తానికి రెట్టింపు” లాంటి వాక్యాలకు పిల్లలు జడుస్తారు, ముందు కలపాలా ముందు రెట్టించాలా తెలియక. అదే “ఒక సంఖ్యకు అయిదు కలిపి, వచ్చినదాన్ని రెట్టింపు చేస్తే” అని రాయండి, చిన్నవాడైనా వరసగా చేసుకుపోతాడు. వ్యాకరణంలో క్త్వార్థకం అంటారే, కలిపి, తీసి, పంచి, ఇవి ఏ పని ముందో ఏది వెనకో వాటంతట అవే చెబుతాయి. బ్రాకెట్లు చేసే పని మన భాషలో క్రియ చేస్తోంది. లెక్కని తెలుగులో చెప్పడం మనకు కొత్త కూడా కాదు, మహావీరాచార్యుల సంస్కృత గణితాన్ని పావులూరి మల్లన వందల ఏళ్ల కిందటే తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

కరీంనగర్ తమ్ముడూ, ఇంతలు అనే మాట మా పాపకి చెప్పాను. గోళీలు లేక చింతగింజలు కుప్పలు పోసి చూసుకుంది, మూడు కుప్పలు పెట్టి “ఇలా అని ఉంటే నేనూ 36 రాసేదాన్ని” అంది. రేపు పుస్తకంలో ఒక చీటీ పెడుతున్నాను: “టీచరు గారికి నమస్కారం. 36 కావాలంటే ‘అంతకు మూడింతలు ఉన్నాయి’ అనీ, 48 కావాలంటే ‘రవికి ఉన్నవాటి కంటే 36 ఎక్కువ’ అనీ ఉంటే బాగుంటుందని మా మనవి. పాప ఆలోచన కూడా ఒకసారి వినగలరు.” మార్కు ఇవ్వకపోయినా ఫర్వాలేదు, అది ఎలా ఆలోచించిందో ఒకసారి వింటే చాలు.

మీ వైపు తలా, చెరో, ఏసి కాకుండా ఇంకేమైనా మాటలుంటే కింద రాయండి. మా అమ్మమ్మ “మనిషికి ఆరు” అనేది. జిల్లా పేరు కూడా చేర్చండి.