తకిలీతో లెక్కలు చెప్పొచ్చా?

బడిపంతులు, నల్లగొండ:
ఏడో తరగతికి తకిలీ (చేతితో తిప్పే చిన్న కదురు) మీద నూలు వడికిస్తూ నిష్పత్తి చెప్పాలనుకుంటున్నం. చేతిపని ద్వారా చదువు చెప్పాలన్న గాంధీజీ 1937 వార్ధా ప్రణాళికలో చేతిపనికి ఎంత టైం ఇచ్చిండ్రు? ఇప్పుడు కుదుర్తదా?

నూలుపోగు:
సార్, ఆ ప్రణాళికను తయారుచేసిన జాకిర్ హుస్సేన్ కమిటీ 5 గంటల 30 నిమిషాల బడిలో 3 గంటల 20 నిమిషాలు చేతిపనికే పెట్టింది. మనకు వారానికి రెండు పీరియడ్లు చాలు. చెక్కకు 50 సెంటీమీటర్ల దూరంలో రెండు మేకులు కొట్టండి, ఒక చుట్టు మీటరు. 100 చుట్లు తిప్పి తూకం వేయించండి. 59ని ఆ గ్రాములతో భాగిస్తే నూలు నంబరు (దారం ఎంత సన్నగుందో చెప్పే అంకె) వస్తది: 6 గ్రాములుంటే దాదాపు 10. బరువు పెరిగితే నంబరు తగ్గుతది, విలోమానుపాతం పిల్లల కండ్ల ముందే ఉంటది. వంటింటి కాటా వద్దు, ఒక్క గ్రాము తేడాకే 10 కాస్తా 8 అయితది. బంగారం తూచే చిన్న కాటా కావాలె. చుట్టు మీద చుట్టు పడినా, దారం సాగదీసినా కొలత తప్పుతది.

పోచంపల్లి మేడం:
మొదట్లో దారం ఊకె తెగుతది. పురి చాలకముందే ఏకును (వడకడానికి చుట్టిన దూదిని) గుంజడమే కారణం. పురి ఎక్కువైతే మెలికలు పడుతది.

ఒక్కటి మాత్రం పట్టుబట్టి చెప్త: పిల్లల నూలు అమ్మి బడి ఖర్చు తీయాలన్న ఆలోచన జోలికి పోవద్దు. గాంధీజీ దాన్ని గట్టిగా కోరిండు. కానీ సంపాదన మీదనే దృష్టి పెడితే చదువు దెబ్బతింటదని ఆ కమిటీయే హెచ్చరించింది. మార్కులు దారం పొడవుకు కాదు, లెక్క నోటుబుక్కుకు వేయండి.