నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్‌కీ పనిష్మెంట్‌కీ తేడా ఎలా పట్టుకోవాలి?

బెంగళూరులో బీఏ మొదటి ఏడాది సైకాలజీ చదువుతున్నానండీ, వచ్చే వారం ఇంటర్నల్స్. తిండికి ముందు వినిపించే శబ్దానికే చొంగ కార్చడం నేర్చుకున్న పావ్‌లోవ్ కుక్క సంగతి బాగానే బుర్రకెక్కింది. ఫలితాన్ని బట్టి ఒక అలవాటు బలపడడం (రీఇన్‌ఫోర్స్‌మెంట్), తగ్గడం (పనిష్మెంట్) గురించి చెప్పిన స్కిన్నర్ దగ్గరే తికమక. క్యాబ్‌లో సీటు బెల్టు పెట్టుకునేదాకా అలారం కీచుమని మోగి, పెట్టుకోగానే ఆగిపోతుంది కదా. ఆ చిరాకు పోవడం వల్లే అలవాటు బలపడుతుంది కాబట్టి అది నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ అని రాసుకున్నాను. మరి మోగకముందే బెల్టు పెట్టేసుకుంటే? తీసేయడానికి అసలు శబ్దమే లేదుగా! ఇంకోటి: సిల్క్ బోర్డు జంక్షన్ దగ్గర హెల్మెట్ లేదని ఫైన్ వేస్తే డబ్బు పోతుంది, అది నెగటివ్ పనిష్మెంటేనా? మా పీజీ హాస్టల్‌లో తెలుగువాళ్లంతా ఇంజనీరింగే, అడిగితే నవ్వుతున్నారు. పరీక్షలో ఇలాంటి ఉదాహరణ ఇస్తే ముందు ఏం చూసుకోవాలో తెలిసినవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్.