మత్స్యన్యాయంలో ‘పెద్ద’ ఎక్కడుంది?

– గుంపు సభ్యులకో సందేహం. మత్స్యన్యాయం అంటే పెద్ద చేప చిన్న చేపను మింగడమనే కదా బడిలో చెప్పారు. లోతు సముద్రంలో బ్లాక్ స్వాలోవర్ అనే బుల్లి చేప తనకన్నా పెద్దవాటినే మింగుతుందట. మరి న్యాయం తిరగబడ్డట్టేనా?

– తిరగబడలేదండీ. ఆ సమాసంలో పెద్దా లేదు, చిన్నా లేదు. చేపల తీరు, అంతే. కౌటిల్యుడు కూడా దండించేవాడు లేనిచోట ‘బలీయానబలం హి గ్రసతే’ (బలవంతుడు బలహీనుణ్ణి మింగేస్తాడు) అన్నాడు. బలం మాటెత్తాడు గానీ ఒడ్డూ పొడుగూ ఎత్తలేదు.

ఈ చేప (శాస్త్రీయ నామం కయాస్మోడాన్ నైజర్) 25 సెం.మీ. దాకా పెరుగుతుంది. ఒంటిమీద పొలుసు ఉండదు. బలమంతా కోరల్లోనూ పొట్టలోనూ ఉంది. దవడల ముందు పళ్లు ఎంత పొడుగంటే, నోరు మూస్తే పైవీ కిందివీ ఒకదాని సందులో ఒకటి దిగుతాయి. ఎరను తోక దగ్గర పట్టి, దవడలు కొంచెం కొంచెం ముందుకు జరుపుకుంటూ తలదాకా లోపలికి లాగేస్తుందని శాస్త్రజ్ఞుల ఊహ. పొట్టలో ఎర చుట్ట చుట్టుకుని ఉంటుంది. పొట్టగోడ సాగి సాగి పల్చబడి, లోపలిది బయటికి కనిపిస్తుంది.

– 2007లో కరీబియన్ సముద్రంలో గ్రాండ్ కేమన్ దీవి దగ్గర దొరికింది ఇదేనా?

– ఇదే. చేప 19 సెం.మీ., పొట్టలో ఉన్న స్నేక్ మాకెరెల్ అనే చేప 86 సెం.మీ.!

– అమ్మో! అరిగించుకోగలదా?

– తిరకాసంతా అక్కడే. ఎర మరీ పెద్దదైతే అరిగేలోపే కుళ్లిపోతుంది. గ్యాసు పుట్టి, ఎరతోపాటు దాన్ని మింగిన మన చేపను కూడా పైకి తేల్చేస్తుంది. మనుషులకు దొరికినవాటిలో చాలామటుకు ఇలా తేలినవే. కాబట్టి ‘మింగుడుపడలేదు’ అని దీని గురించి అనకూడదు. మింగుడు భేషుగ్గా పడింది, జీర్ణమే కాలేదు.

– అయితే దీన్ని తెలుగులో ‘తిమింగిలం’ అనేద్దామా? తిమి అనే పెద్ద చేపను మింగేది అనేగా అర్థం.

– వ్యుత్పత్తి బాగానే కుదురుతుంది. సంస్కృతంలో దాన్నీ మింగే ‘తిమింగిలగిలం’ కూడా ఉంది. కానీ ‘తిమింగిలం’ అనే పేరు ఎప్పుడో వేరే జీవికి స్థిరపడిపోయింది. అది చేపే కాదన్నది ఇంకో గొడవ! తిండిబోతు, తాగుబోతు ఉన్నాయిగా, నా ఓటు ‘నల్ల మింగుబోతు’కే.