ఔట్‌లుక్ యాడ్-ఇన్ ఉన్నట్టుండి మాయమవుతోంది, ఎవరైనా చెప్తారా?

భీమవరంలో ఓ రొయ్యల ఎగుమతి ఆఫీసుకి సీ షార్ప్‌లో, వీఎస్‌టీఓతో (ఆఫీస్ ప్రోగ్రాములకి యాడ్-ఇన్‌లు రాసే మైక్రోసాఫ్ట్ టూల్స్) ఔట్‌లుక్ యాడ్-ఇన్, అంటే ఔట్‌లుక్‌కి అదనపు పని జోడించే చిన్న ప్రోగ్రామ్, రాశానండి. ఇన్‌వాయిస్ జత చేయకుండా సెండ్ నొక్కితే ఐటమ్‌సెండ్ ఈవెంట్‌లో పట్టుకుని ఆపేయాలి, అంతే పని. నా ల్యాప్‌టాప్‌లో బాగానే నడుస్తోంది కానీ అక్కడి పాత సిస్టమ్‌లో రెండు రోజులకోసారి మాయం, రిజిస్ట్రీ తెరిచి చూస్తే లోడ్‌బిహేవియర్ 3 (ఔట్‌లుక్ తెరవగానే లోడ్ అవ్వాలి) కాస్తా 2 (తనంతట తాను లోడ్ అవ్వదు) అయి కూర్చుంటోంది.

స్టార్టప్‌లోనే పార్టీల లిస్టుని నెట్‌వర్క్ డ్రైవ్ నుంచి చదువుతున్నాను, కరెంటు పోయొచ్చాక (మన దగ్గర మామూలేగా) ఆ డ్రైవ్ దొరక్క ఎర్రర్ వస్తోందేమోనని నా అనుమానం. ట్రై-క్యాచ్ (ఎర్రర్ వస్తే పట్టుకునే కోడ్) పెట్టి, చదవడాన్ని మొదటి మెయిల్ పంపేదాకా వాయిదా వేస్తే సరిపోతుందా? కొత్త ఔట్‌లుక్‌లో కామ్ యాడ్-ఇన్‌లు (నాది లాంటి పాత పద్ధతివి) ఎలాగూ నడవవు, ఇప్పుడే జావాస్క్రిప్ట్‌లోకి మార్చేయమంటారా? అకౌంటెంట్ గారు పొద్దున్నే ఫోన్ చేస్తున్నారు, టెన్షన్‌గా ఉంది.