ఇంటర్ తరువాత నేరుగా బి.ఎస్.–ఎం.డి. కోర్సుకు దరఖాస్తు: కోనసీమలో చదువుతున్న మా అమ్మాయికి వీలవుతుందా?

ప్రశ్న – అంబాజీపేట దగ్గర నుంచి ఒక తండ్రి

మేము న్యూజెర్సీలో పన్నెండేళ్ళు ఉండి, మా అమ్మను చూసుకోవడం కోసం 2019లో సొంత ఊరికి తిరిగి వచ్చేశాము. మా అమ్మాయి 2009లో అక్కడే పుట్టింది కనుక అమెరికా పౌరురాలు. ఆరవ తరగతి నుంచి ఇక్కడే చదివి, ఇప్పుడు భీమవరంలో హాస్టల్లో ఉంటూ ఇంటర్ మొదటి సంవత్సరం బైపీసీ చదువుతోంది. డాక్టరు కావాలన్నది తను పెంచుకున్న కోరికే తప్ప మేము తోసిన దారి కాదు.

అమెరికాలో డిగ్రీకి, వైద్య విద్యకు కలిపి హైస్కూలు నుంచే ఒకేసారి సీటు ఇచ్చే బి.ఎస్.–ఎం.డి. కోర్సులు ఉన్నాయని, వాటిలో చేరితే అక్కడి మెడికల్ కాలేజీల ప్రవేశ పరీక్ష అయిన ఎంక్యాట్ కూడా ఉండదని ఈ మధ్య ఒక బంధువు చెప్పారు. ఇక్కడి ఇంటర్ చదువుతో వాటికి దరఖాస్తు చేయవచ్చునా, వాళ్ళు పిల్లలలో ఏమి చూస్తారు, ఖర్చు ఏ మాత్రం ఉంటుంది, నీట్ చదువు ఈలోగా మానుకోవాలా అన్నవి నా సందేహాలు. ఈ దారిలో వెళ్ళినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం – కాకినాడ నుంచి ఒక డాక్టరు

నేను రంగరాయ మెడికల్ కాలేజీలో చదివి, అమెరికాలో ఇరవై ఏళ్ళకు పైగా ఇంటర్నల్ మెడిసిన్ ప్రాక్టీసు చేసి వచ్చినవాడిని. ముందుగా ఒక్క విషయం స్పష్టం చేస్తాను. మన దగ్గర ఇంటర్ కాగానే ఎం.బి.బి.ఎస్.లో చేరి నాలుగున్నరేళ్ళ చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్ పూర్తి చేస్తే డాక్టరు అవుతారు. అక్కడ నాలుగేళ్ళ డిగ్రీ చదివి, ఎంక్యాట్ రాసి, మళ్ళీ కొత్తగా దరఖాస్తు పెట్టుకొని నాలుగేళ్ళ ఎం.డి.లో (అక్కడ అది మన ఎం.బి.బి.ఎస్. వంటిది) చేరాలి. ఆ రెండో దరఖాస్తు దగ్గరే చాలామంది మంచి విద్యార్థులు కూడా ఆగిపోతారు కనుక, పదిహేడేళ్ళ వయసులోనే రెండు సీట్లూ కలిపి ఇచ్చే ఈ కోర్సులకు అంత గిరాకీ ఉంది.

ఇవన్నీ ఒకే అచ్చులో పోసినవి కావు. బ్రౌన్ విశ్వవిద్యాలయం వారి ఇలాంటి కోర్సు పేరు పి.ఎల్.ఎం.ఇ.; అది ఎనిమిదేళ్ళది, అందులో ఎంక్యాట్ అక్కరలేదు, డిగ్రీలో చరిత్ర చదివినా సంగీతం చదివినా అభ్యంతరం లేదు, విదేశీ విద్యార్థులు కూడా దరఖాస్తు చేయవచ్చు. కాన్సాస్ సిటీలోని మిస్సోరీ విశ్వవిద్యాలయం వారిది ఆరేళ్ళది. అది అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం వారి ఏడేళ్ళ కోర్సుకు ఆ రాష్ట్ర నివాసి అయి ఉండాలి కాబట్టి మీ అమ్మాయికి అది కుదరదు. కొన్ని చోట్ల ఎంక్యాట్ రాసి కనీస స్కోరు తెచ్చుకోవాలి, దాదాపు అన్ని చోట్లా డిగ్రీలో నిర్ణీత జి.పి.ఏ. (మార్కుల సగటు) నిలబెట్టుకోవాలి, అది తప్పితే రెండో సీటు పోతుంది. అందువల్ల “ఎంక్యాట్ ఉండదు” అన్న ఒక్క మాట పట్టుకొని కాలేజీలు ఎంచుకోవద్దని నా మనవి.

పౌరసత్వం వల్ల మీ అమ్మాయికి తెరుచుకునే తలుపులు ఎక్కువే. అయినా మీరు ఇక్కడ ఉంటున్నందువల్ల ఏ రాష్ట్రానికీ స్థానికురాలిగా లెక్క ఉండదు, ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో స్థానికులకు ఇచ్చే ఫీజు తగ్గింపూ రాదు. ఖర్చు సంగతి దాచకుండా చెబుతాను. బ్రౌన్‌లో చదువు, వసతి, భోజనం కలిపి సంవత్సరానికి 90,000 డాలర్లు దాటింది. డిగ్రీ నాలుగేళ్ళకు కుటుంబ స్తోమతను బట్టి అవసరమైన సాయం వారు పూర్తిగా ఇస్తారు కానీ, వైద్య విద్య నాలుగేళ్ళ లెక్క వేరు. 2026 జూలై 1 నుంచి వైద్య విద్య వంటి వృత్తి కోర్సులకు కొత్తగా తీసుకునే ఫెడరల్ (అక్కడి కేంద్ర ప్రభుత్వ) రుణానికి ఏడాదికి 50,000, మొత్తం 2,00,000 డాలర్ల పరిమితి వచ్చింది. మీ అమ్మాయి ఎం.డి.కి చేరే నాటికి వర్తించేది ఈ లెక్కే. మిగిలినది ఎక్కడి నుంచి తేవాలో ఇప్పుడే కూర్చొని ఆలోచించండి.

ఇక వాళ్ళు ఏమి చూస్తారన్నది అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పే ముందు నేనే ఒకటి అడుగుతాను: రోగి పక్కన నిలబడి మీ అమ్మాయి ఇంతవరకు ఏమి చూసింది?

సమాధానం – పాలకొల్లు నుంచి ఒక తల్లి

అన్నయ్యగారూ, రెండేళ్ళ క్రితం మా అబ్బాయి విషయంలో మేము సరిగ్గా మీలాగే ఉన్నాము. వాడూ అక్కడే పుట్టాడు, ఇంటర్ ఇక్కడే చదివాడు. కాగితాల విషయంలో మేము పడిన ఇబ్బంది మీరు పడకూడదని రాస్తున్నాను.

చాలా కాలేజీలకు ఒకే చోట దరఖాస్తు పెట్టుకునే ఆన్‌లైన్ ఫారం కామన్ యాప్‌ను ఆగస్టు 1న తెరుస్తారు, ఈ కోర్సులలో చాలావాటికి గడువు నవంబరులోనే ముగుస్తుంది. తొమ్మిది నుంచి పన్నెండు వరకు నాలుగేళ్ళ మార్కులు, ఇద్దరు అధ్యాపకుల ఉత్తరాలు, స్కూల్ కౌన్సెలర్ నివేదిక అడుగుతారు. మన ఇంటర్ కాలేజీలలో కౌన్సెలర్ అనే మనిషే ఉండరు కాబట్టి ఆ పని ప్రిన్సిపాలుగారు చేయాలి. మా అబ్బాయి చదివిన కాలేజీలో, “నీట్ బ్యాచ్ పిల్లవాడికి ఈ ఉత్తరాలు దేనికి?” అని అక్టోబరు నెలంతా తిప్పించి, చివరకు పేరు మార్చి అందరికీ ఇచ్చే నాలుగు వాక్యాల కాగితం చేతిలో పెట్టారు. జువాలజీ చెప్పిన మాస్టారు మాత్రం ల్యాబులో వాడు వానపామును కోసిన రోజు ఏమేమి ప్రశ్నలు వేశాడో గుర్తుపెట్టుకొని రెండు పేజీలు రాసి ఇచ్చారు. పిల్లవాడిని నిజంగా ఎరిగిన మనిషి రాస్తే ఎలా ఉంటుందో ఆ రెండు పేజీలు చదివాకే మాకు తెలిసింది.

తొమ్మిదో తరగతి మార్కుల జాబితా కోసం పాత స్కూలుకు ఇప్పుడే వెళ్ళి, ముద్ర వేయించి తెచ్చుకోండి. ఫిబ్రవరి, మార్చి నెలలలో ఇంటర్వ్యూలు వస్తాయి. అవి మన ప్రాక్టికల్స్‌తో, పబ్లిక్ పరీక్షలతో ఢీకొంటాయి, పైగా టైము తేడా వల్ల రాత్రిళ్ళు జరుగుతాయి.

మా వాడికి బి.ఎస్.–ఎం.డి. సీటు ఎక్కడా రాలేదు. కానీ వాటితో పాటు మామూలు డిగ్రీకి పెట్టిన దరఖాస్తులలో రెండు చోట్ల వచ్చింది, మంచి సాయంతో బయాలజీలో చేరాడు, మామూలు దారిలోనే ఎంక్యాట్ రాస్తానంటున్నాడు. కాబట్టి ఆ దరఖాస్తులు తప్పక పెట్టించండి.

సమాధానం – రాజమహేంద్రవరం నుంచి ఒక విశ్రాంత లెక్చరర్

నీట్ మానవద్దు. అయితే అంతకంటే ముందు అమ్మాయి ఓ.సి.ఐ. కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) తీసి, నమోదు తేదీ ఎంత ఉందో చూడండి. 2021 మార్చి 4 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ఓ.సి.ఐ. పిల్లలు ఎన్.ఆర్.ఐ. సీట్లకే అర్హులు. ఆ నిబంధన ఆ తేదీ తరువాత కార్డు పొందినవారికే వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. కార్డు అంతకు ముందుదైతే మిగిలిన సీట్లకు పోటీ పడవచ్చు. తరువాతదైతే ఇక్కడి చదువుకయ్యే ఖర్చు అంచనా పూర్తిగా మారిపోతుంది. రాష్ట్ర కౌన్సెలింగ్‌లో స్థానికత నిబంధనలు వేరుగా ఉంటాయి, అవీ చదవండి.

ప్రశ్న అడిగిన తండ్రి

ముగ్గురికీ నమస్కారాలు. కార్డు మీద 2012 అని ఉంది, ప్రాణం కుదుటపడింది.

డాక్టరుగారు అడిగినదానికి ఏమి రాయాలో మొదట తోచలేదు, ఎందుకంటే తను ఏ ఆసుపత్రిలోనూ పని చేయలేదు. అయితే మా అమ్మకు ముప్ఫై ఏళ్ళుగా ఎడమ కాలికి బోదకాలు. హాస్టల్లో చేరేవరకు ప్రతి సాయంత్రం అమ్మాయే నాయనమ్మ కాలు సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు పాత నూలు గుడ్డతో తడి లేకుండా ఒత్తి, మందు రాసి, మంచం పట్టె మీద దిండు వేసి కాలు ఎత్తుగా పెట్టేది. గజ్జలో బిళ్ళ కట్టి చలిజ్వరం వచ్చిన ప్రతిసారీ వంటింటి క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టేది. అలా కడగడం మొదలుపెట్టాక సున్నాలు తగ్గాయని తనే లెక్కపెట్టి మాకు చూపించింది. ఇది చెప్పుకోదగ్గ విషయమేనా?

సమాధానం – కాకినాడ డాక్టరు

ఇదే చెప్పుకోదగ్గ విషయం. అక్కడి కమిటీలు చదివే వ్యాసాలలో ఎక్కువ భాగం పెద్ద ఆసుపత్రి కారిడార్లలో డాక్టరు వెనుక రెండు వారాలు నడిచిన పిల్లలవి. నయం కాని జబ్బును ఏళ్ళ తరబడి ఒకే మనిషిలో చూసి, చేతితో తాకి, దాని రాకపోకలు రాసిపెట్టుకున్న పిల్లలు అరుదు. ఆ క్యాలెండర్లు పారేయకండి. మొదటి ప్రతిని తెలుగులోనే, నాయనమ్మ మాటలతో సహా రాయమనండి. ఆ తరువాత ఇంగ్లీషులో రాసుకోవచ్చు. డబ్బు తీసుకొని వ్యాసాలు రాసి పెట్టేవారి దగ్గరకు వెళితే ముందుగా పోయేది నాయనమ్మ కాలి సంగతే.

దీనికి తోడు వేసవిలో మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారిని అడిగి, వారంలో రెండు రోజులు ఓ.పి. దగ్గర కూర్చోనివ్వండి. మన గోదావరి జిల్లాలలో బోదకాలు నివారణకు ఇచ్చే డి.ఇ.సి., ఆల్బెండజోల్ మాత్రలు ఇంటింటికీ ఎందుకు పంచారో, కొందరు వాటిని చేతిలోకి తీసుకొని కూడా ఎందుకు మింగలేదో ఆశా కార్యకర్తలతో తిరిగి తెలుసుకోమనండి. నాయనమ్మ కాలు ఒక్క ఇంటి విషయం కాదని అప్పుడు తనకే తెలుస్తుంది.

బ్రౌన్ గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. నవంబరులో ఎర్లీ డెసిషన్ (సీటు ఇస్తే తప్పక చేరతామని ముందే ఒప్పుకొనే దరఖాస్తు) కింద పెడితే, పి.ఎల్.ఎం.ఇ. రాకపోయినా డిగ్రీ సీటు ఇస్తే చేరి తీరాలి. ఆ ఒప్పందానికి మీ ఇంట్లో అందరూ సిద్ధపడితేనే సంతకం చేయండి, లేకపోతే జనవరి గడువులో పెట్టండి. అక్కడి కాలేజీ ప్రవేశ పరీక్షలైన ఎస్.ఏ.టి., ఏ.సి.టి.లలో ఒకదాని స్కోరు కూడా వారు మళ్ళీ తప్పనిసరి చేశారు కనుక, ఎస్.ఏ.టి. ఈ వేసవిలోపే ఒకసారి రాయించండి. ప్రిన్సిపాలుగారిని అక్టోబరు దాకా ఆగకుండా, మొదటి సంవత్సరం పరీక్షలు అయిన వారంలోనే కలవండి; పాలకొల్లు అమ్మగారు చెప్పిన జువాలజీ మాస్టారి వంటివారు మీ కాలేజీలో ఎవరో అమ్మాయిని అడిగి వెళ్ళండి.